ఆరు పోర్క్ షోల్డర్లు, ఒకే సిరామిక్ పొయ్యి: ఎన్ని గంటలు పడుతుంది?

కేరీ వరండా:

నమస్కారం. మేము నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటాం. జూన్ రెండో శనివారం, మా అబ్బాయి హైస్కూలు చదువు పూర్తయిన సందర్భంగా పెరట్లో మధ్యాహ్న భోజనం పెడుతున్నాం. 100 మందిని పిలిచాం. వాళ్ళలో పంది మాంసం తినేవాళ్ళు 80 మంది వరకు ఉంటారు. ఎక్కువమంది వాడి స్నేహితులు, వాళ్ళ అమ్మానాన్నలు, మా వీధివాళ్ళు. మిగిలినవాళ్ళకు పప్పు, పులిహోర, గుత్తి వంకాయ వేరుగా వండుతున్నాను. వాడు నోరు తెరిచి అడిగినది మాత్రం ఒక్కటే, పొగలో మగ్గిన పోర్క్ షోల్డర్, అంటే పంది భుజం మాంసం.

మా ఇంట్లో ఉన్నది గుడ్డు ఆకారపు సిరామిక్ పొయ్యి. మాంసం పెట్టే ఇనుప జాలీ వెడల్పు 18 అంగుళాలు. ఒక్క ముక్కను చాలాసార్లు బాగా వండాను. ఎనిమిదిన్నర పౌండ్ల బోస్టన్ బట్ (భుజం పైభాగపు ముక్క), ఎముకతో సహా, 250 డిగ్రీల దగ్గర 13 గంటలు పడుతుంది. ఇక్కడ నేను చెబుతున్నవన్నీ ఫారెన్‌హీట్ డిగ్రీలే.

మొన్న క్రిస్మస్‌కు నాలుగు ముక్కలు ఒకేసారి పెట్టాను. అక్కడే దెబ్బతిన్నాను. రాత్రి 9 గంటలకు మొదలుపెడితే, మూత మీది థర్మామీటరు ఎంతసేపటికీ 190 దాటలేదు. మంట చాలడం లేదనుకుని కింది గాలిద్వారం కొంచెం కొంచెంగా తెరుస్తూ పోయాను. తెల్లవారి మూత తీస్తే అంచులు మాడిపోయాయి, అడుగులు చెక్కల్లా బిగిశాయి, లోపల మాత్రం 160 దగ్గరే ఆగి ఉంది. భోజనం మూడు గంటలు ఆలస్యమైంది. మా అత్తగారు ఒక్క మాట అనలేదు. ఎండిన ముక్క నమిలి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ నమలడం చూశాను. అది ఇంకా మరిచిపోలేదు.

ఈసారి అలా జరగకూడదు. ఆరు ముక్కలు ఈ పొయ్యిలో పడతాయా? ఒక ముక్కకు 13 గంటలైతే ఆరింటికి ఎంత? మధ్యాహ్నం ఒంటిగంటకు వడ్డించాలంటే ఎప్పుడు మొదలుపెట్టాలి?

గాడిపొయ్యి:

అమ్మా, నేను విన్‌స్టన్-సేలంలో ఉంటాను. లెక్సింగ్టన్ ఇక్కడికి 20 మైళ్ళ దూరం. ఆ ఊళ్ళో బార్బెక్యూ అంటే పోర్క్ షోల్డరే, వేరే అర్థం లేదు. పొయ్యిగదుల్లో హికరీ, ఓక్ కట్టెలు కాల్చి, ఆ నిప్పులను పారలతో తెచ్చి మాంసం కింద పరిచేవాళ్ళను నిలబడి చూసి నేర్చుకున్నాను. అంతకుముందు నేర్పింది మా నాన్నగారు. తెనాలి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఆయన వంట చేసేవారు. నేలలో గాడి తవ్వి, దాని మీద వరసగా డేగిశాలు ఎక్కించే పొయ్యిల దగ్గర పెరిగాను. కాబట్టి మీ ప్రశ్న చదవగానే రాయకుండా ఉండలేకపోయాను.

ముందు ఆ క్రిస్మస్ రాత్రి సంగతి. మీ పొయ్యి చల్లబడలేదనే నా నమ్మకం. మూతలోంచి లోపలికి దిగే థర్మామీటరు ముల్లు నాలుగు ముక్కల్లో ఏదో ఒకదానికి ఆనుకునో, ఆనినంత దగ్గరగానో ఉండి ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మాంసం వేడిని అది చూపిస్తుంటే, మీరు పొయ్యి వేడి అనుకున్నారు. ముల్లు 190 అంటున్నప్పుడు జాలీ దగ్గర 300 దాటి ఉంటుంది. ఒక్క ముక్క వండినప్పుడు ముల్లుకు చోటు ఉంది, అందుకే ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. నిండుగా పెట్టేటప్పుడు మూత థర్మామీటరును నమ్మకండి. వైరు ఉన్న ప్రోబ్ (పుల్లలాంటి థర్మామీటరు) ఒకటి కొని, దాని కొసను జాలీకి తగిలించండి, ఏ ముక్కకైనా రెండు అంగుళాల దూరంలో ఉండాలి.

అంచులు మాడడానికి ఇంకో కారణం కూడా ఉంది. నిప్పులకు, మాంసానికి మధ్య అడ్డంగా పెట్టే డిఫ్లెక్టర్ రాయి జాలీకన్నా చిన్నది. నాలుగు ముక్కలు పెడితే అవి రాయి అంచు దాటి బయటికి వస్తాయి. పొయ్యి గోడ వెంబడి పైకి లేచే వేడి సూటిగా తగిలేది ఆ బయటికి వచ్చిన భాగానికే. అక్కడి నుంచి కారిన కొవ్వు కూడా నిప్పుల్లో పడి మండుతుంది. రాయి నీడలో ఎన్ని పడతాయో అన్నే పెట్టండి. మీ పొయ్యిలో అవి మూడు. రాయి మీద ఒక పళ్ళెం పెట్టి, అందులో అర అంగుళం నీళ్ళు పోస్తే కారిన కొవ్వు మాడి చేదు పొగ రాదు. పళ్ళేన్ని రాయికి తాకనివ్వకుండా కింద మూడు ఫాయిల్ ఉండలు పెట్టండి.

ఇప్పుడు గంటల లెక్క. బరువులన్నీ కూడకండి. వేడి ప్రతి ముక్కలోకి దాని బయటి నుంచి మధ్యకు విడిగా ప్రయాణించాలి, పక్కన ఎన్ని ఉన్నా ఆ దూరం మారదు. ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు సందు ఉన్నంతవరకు మూడింటికీ దాదాపు ఒక్కదానికి పట్టినంతే పడుతుంది. రెండు ముక్కలు ఒరుసుకుని ఉన్నాయంటే మాత్రం అవి ఒకే పెద్ద ముక్క అయినట్టే. తేడా అంతా మొదటి రెండు గంటల్లోనే. పాతిక పౌండ్ల చల్లటి మాంసం పెట్టగానే వేడి 250 నుంచి 200 కిందికి దిగుతుంది. అప్పుడు గాలిద్వారం ముట్టుకోకండి. గంట, గంటన్నరలో సిరామిక్ గోడలు ఆ వేడిని తిరిగి ఇస్తాయి. తొందరపడి తెరిస్తే 325కు పోతుంది, ఈ పొయ్యికి ఎక్కడం తేలిక, దిగడానికి మళ్ళీ గంటలు కావాలి. మొదట వెలిగించేటప్పుడు కూడా 200 చూడగానే ద్వారాలు మూయడం మొదలుపెట్టండి.

80 మందికి తలా మూడోవంతు పౌండు చొప్పున, వండిన మాంసం 27 పౌండ్లు కావాలి. ఎముక, కరిగిన కొవ్వు, ఆవిరైన నీరు పోగా పచ్చి బరువులో సగం పైచిలుకు మిగులుతుంది. 51 పౌండ్లు కొనాలి, అంటే మీరు అనుకున్న ఆరు ముక్కలు సరిగ్గా సరిపోతాయి. కాని ఆరింటినీ ఒకే రాత్రి పెట్టవద్దని నా మాట. బుధవారం రాత్రి మూడు, శుక్రవారం సాయంత్రం మూడు.

బుధవారం వాయి గురువారం ఉదయానికి అవుతుంది. గంటసేపు ఆగనిచ్చి, పీచులు విడదీసి, కారిన రసంలో పైన తేలిన కొవ్వు తీసేసి ఆ రసాన్ని మాంసానికే తిరిగి పట్టించండి. వెడల్పాటి లోతులేని ట్రేలలో పలచగా పరిచి, విడదీసిన రెండు గంటల్లోపల ఫ్రిజ్‌లో పెట్టాలి. లోతు గిన్నెలో కుక్కితే మధ్యలో వేడి గంటలకొద్దీ నిలిచి పాడవుతుంది. శనివారం ఫాయిల్ కప్పి ఓవెన్‌లో 300 దగ్గర, లోపల 165 వచ్చేదాకా వేడి చేయండి.

బొగ్గు విషయంలో పొదుపు వద్దు. పాత బూడిద మొత్తం ఎత్తేసి, అడుగున ఉన్న రంధ్రాలను పుల్లతో పొడిచి తెరవండి. పెద్ద ముక్కలు అడుగున, చిన్నవి పైన ఉండేలా చేత్తో పేర్చి నింపండి. బ్రికెట్లు, అంటే పొడిని అచ్చుపోసిన బొగ్గు బిళ్ళలు, వద్దు, వాటి బూడిదే సగం రాత్రికి గాలిని అడ్డుకుంటుంది. మంట అంటించే ద్రవం అసలే వద్దు, ఆ వాసన సిరామిక్ గోడల్లోకి ఇంకిపోతుంది. పైన ఒక్కచోటే వెలిగించండి. పిడికెడంత హికరీ ముక్కలు నాలుగు, బొగ్గుల మధ్య అక్కడక్కడా పాతండి. తెల్లగా దట్టంగా వచ్చే పొగ పలచబడి నీలంగా తిరిగాకే మాంసం లోపలికి పోవాలి. దీనికి గంట పడుతుంది. ఆ గంట తగ్గించుకోకండి.

మాంసం లోపలి వేడి 150, 170 మధ్య ఎక్కడో ఆగి, మూడు నాలుగు గంటలు కదలదు. చెమట ఆరేటప్పుడు ఒళ్ళు చల్లబడినట్టే, పైకి ఊరే తడి ఆవిరవుతూ ముక్కను చల్లబరుస్తుంది. పైపొర ముదురు గోధుమరంగుకు తిరిగి, గోటితో గీకితే ఊడిరాని దశకు వచ్చాక ఫాయిల్ చుట్టేస్తే ఆవిరి ఆగి వేడి మళ్ళీ ఎక్కుతుంది. అంతకుముందు చుడితే ఆ పైపొర మెత్తబడిపోతుంది. లెక్సింగ్టన్‌లో దాన్నే ప్రత్యేకంగా అడిగి పెట్టించుకుంటారు. 195 నుంచి 205 లోపల ఎక్కడైనా ఎముకను పట్టుకుని తిప్పండి, చేతిలోకి వచ్చేస్తే అయింది.

శుక్రవారం సాయంత్రం 6 గంటలకు పెడితే శనివారం ఉదయం 7, 8 మధ్య అవుతుంది. ఒంటిగంట దాకా ఏం చేయాలని భయపడకండి. ఫాయిల్‌తోనే, పాత తువ్వాళ్ళు చుట్టి, మంచు వేయని కూలర్ పెట్టెలో పెట్టి మూయండి. నాలుగైదు గంటలు 140కి పైనే ఉంటుంది. ఒక ప్రోబ్ ముక్కలోనే ఉంచి చూసుకోండి. ఆ విశ్రాంతిలో రసం లోపలికి సర్దుకుని మాంసం ఇంకా మెత్తబడుతుంది. మా నాన్నగారు ముహూర్తం ఎప్పుడని అడిగేవారు కాదు, మొదటి పంక్తి ఎప్పుడు కూర్చుంటుందని అడిగి, అంతకు రెండు గంటల ముందే ఆఖరి డేగిశా దించి గడ్డి మీద పెట్టి గోనెసంచి కప్పేవారు.

రెండంతస్తులు:

నేను జార్జియాలో ఉంటాను, నాదీ 18 అంగుళాలదే. గాడిపొయ్యి గారితో ఒక్క విషయంలో ఏకీభవించలేను. ఎత్తు జాలీ ఒకటి అదనంగా కొంటే కింద మూడు, పైన మూడు హాయిగా పడతాయి. మూడుసార్లు చేశాను. మూతకు దగ్గరగా ఉండే పైభాగం ఎక్కువ వేడిగా ఉంటుంది కాబట్టి పైవి గంటో రెండు గంటలో ముందే అవుతాయి, తీసి కూలర్‌లో పెట్టేయడమే. పైముక్కల కొవ్వు కిందివాటి మీద కారుతూ ఉంటుంది, కిందివే నాకు ఎక్కువ రుచి. గాలిని అదుపు చేసే చిన్న ఫ్యాను కూడా బిగించాను. ఒక రాత్రి నిద్ర మిగలడం చిన్న విషయం కాదు.

గాడిపొయ్యి:

మీరు చెప్పిన పద్ధతి పనిచేస్తుంది, కాదనను. మూడుసార్లు చేసిన చేయి మీది. ఆమెకు మాత్రం ఇది క్రిస్మస్ తర్వాత మొదటి పెద్ద వంట. ఆరూ ఒకే వాయిలో ఉండి ఏదైనా తేడా వస్తే 80 మందికీ పెట్టడానికి ఏమీ ఉండదు. గురువారం నాటికే సగం ఫ్రిజ్‌లో ఉంటే శుక్రవారం రాత్రి ఆమె నిశ్చింతగా పడుకోగలదు.

షార్లెట్ సుగుణ:

పొయ్యి గురించి అన్నీ చెప్పేశారు. వడ్డన గురించి నేను చెబుతాను, ఎందుకంటే మన ఇళ్ళల్లో దీన్ని పట్టించుకోరు, నాకు చాలా బాధగా ఉంటుంది. పంది మాంసం తిననివాళ్ళు వస్తున్నారు కదా. ఆ ట్రేలు వేరే బల్ల మీద, వీలైతే పెరటికి అవతలి వైపు పెట్టండి. ఏమిటో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాయండి. ఆ పట్టకార్లు, గరిటెలు, కోసిన చెక్కపలక ఇటువైపు రాకూడదు. వంకాయ కూరలో ఎవరో పొరపాటున ఆ గరిటె పెడితే, అది చూసిన పెద్దావిడ ఆ పూట మజ్జిగ అన్నంతో సరిపెట్టుకుని లేచిపోతుంది. అడగదు, చెప్పదు.

ఇంకొకటి. రెండు వాయిల మాంసాన్ని వేరు వేరుగా వడ్డించకండి, కలిపేయండి. అప్పుడు మొదట వచ్చినవాళ్ళకూ చివర వచ్చినవాళ్ళకూ ఒకటే అందుతుంది.

కేరీ వరండా:

అన్నగారూ, సుగుణ గారూ, అందరికీ నమస్కారం. నిన్ననే అయింది.

ప్రోబ్‌ను జాలీకి కట్టాను. బుధవారం రాత్రి మాంసం పెట్టాక 185కు దిగింది. క్రిస్మస్ నాటి భయం మొత్తం తిరిగొచ్చింది, ద్వారం దగ్గరకు చేయి పోయింది, వెనక్కి తీసుకున్నాను. గంటా 20 నిమిషాలకు 245. అక్కడి నుంచి తెల్లవారేదాకా పది డిగ్రీలు అటూ ఇటూ కదిలింది, అంతే. కుతూహలంకొద్దీ మూత థర్మామీటరు కూడా చూశాను, రాత్రి 11 గంటలకు అది 195 చూపిస్తోంది!

శుక్రవారం పెట్టిన మూడు ముక్కల్లో ఒకటి శనివారం ఉదయం 6 గంటలకే అయింది, చివరిది 9 దాటాక. ముక్కలన్నీ ఒకే బరువే, ఎందుకలా అయిందో తెలిస్తే చెప్పండి. సాస్ లెక్సింగ్టన్ పద్ధతిలోనే చేశాను. వెనిగర్, నీళ్ళు, కొంచెం కెచప్, చక్కెర, ఉప్పు, దంచిన ఎండుమిర్చి. మిర్చి మాత్రం గుంటూరుది వేసి, ఘాటు తక్కువది ఇంకో సీసాలో పెట్టాను. మా వీధి చివర ఉండే పెద్దాయన లెక్సింగ్టన్‌లోనే పుట్టారట. మాడిన అంచుల వైపు వేలు చూపించి అవే కావాలన్నారు, రెండోసారి కూడా అవే అడిగారు. మా అత్తగారు రెండుసార్లు పెట్టించుకున్నారు, నీళ్ళ గ్లాసు బల్ల మీదే ఉంది.

ఎముకలు ఆరూ ఫ్రిజ్‌లో దాచాను. మాంసం రెండు పౌండ్లు మిగిలింది. సుగుణ గారూ, దాన్ని గోంగూరలో వేయాలని ఉంది. మాంసం ముందే ఉడికి ఉంది కాబట్టి గోంగూర మగ్గాక చివర్లో కలపాలా, మొదటి నుంచే వేయాలా?

షార్లెట్ సుగుణ:

చివర్లోనే. గోంగూర నూనెలో మగ్గి దగ్గరపడ్డాక వేసి, ఐదు నిమిషాలు మూతపెట్టండి. ఉప్పు చూసి వేయండి, మాంసంలో ఇప్పటికే ఉంది.

గాడిపొయ్యి:

అమ్మా, ముందు అయిన ముక్కలో కొవ్వుచారలు, కండను పట్టి ఉంచే గట్టి పీచులు తక్కువ ఉండి ఉంటాయి, పొయ్యిలో అది వెనకవైపు కీలు దగ్గర ఉందా కూడా చూడండి. చాలా సిరామిక్ పొయ్యిల్లో వెనకభాగం కాస్త వేడి ఎక్కువ. ఈసారి చిన్న ముక్కను ముందువైపు, పెద్దదాన్ని వెనక పెట్టండి. ఎముకలను పారేయకుండా శనగపప్పుతో కుక్కర్‌లో వేయండి, ఆ పొగ వాసన పప్పుకు పడుతుంది.