పాత లగ్జరీ సెడాన్ కొనేటప్పుడు దేన్ని నమ్మాలి: మోడల్‌కున్న పేరునా, ఆ ఒక్క బండి చరిత్రనా?

మియాపూర్ వాసి

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో రెండు బండ్లు చూసి పెట్టుకున్నాను. ఒకటి 2016 బీఎండబ్ల్యూ 520డి, ఎఫ్10 తరం, మీటర్ మీద 62 వేల కిలోమీటర్లు, రెండో ఓనర్. ఢిల్లీలో రిజిస్టరై ఎన్‌ఓసీతో (వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఆర్టీఓ ఇచ్చే పత్రం) ఇక్కడికి వచ్చింది. రెండోది 2015 మెర్సిడెస్ ఈ250 సీడీఐ, డబ్ల్యూ212 తరం, 1.18 లక్షల కిలోమీటర్లు, ఒకే ఓనర్, మొదటి సర్వీసు నుంచి బిల్లులన్నీ ఫైల్‌లో ఉన్నాయి. ధరలు ఇంచుమించు ఒకటే. చూడ్డానికి మాత్రం బీఎండబ్ల్యూ కొత్త బండిలా మెరుస్తోంది.

ఇంట్లో వాదన తెగట్లేదు. తమ్ముడు "సర్వేల్లో, ర్యాంకుల్లో ఏ మోడల్ పైనుందో చూసి అది కొను" అంటాడు. మామయ్య "ర్యాంకులు పక్కన పెట్టు, ఆ బండి ఎవరి చేతిలో ఎలా తిరిగిందో చూడు" అంటారు. మీరేమంటారు?

డాలస్ తెలుగోడు

మీ తమ్ముడి మాటలోనే న్యాయం ఉంది. డిజైన్‌లోనే లోపం ఉంటే ఓనర్ ఎంత బాగా చూసుకున్నా లాభం లేదు. ఇక్కడ అమెరికాలో పాత 528ఐ సంగతే చూడండి. అందులో వచ్చిన ఎన్20 పెట్రోల్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులని సరైన సమయానికి తెరిపించి మూయించే గొలుసు) గైడ్‌లు ప్లాస్టిక్‌వి. అవి పెళుసుబారి విరిగి, ముక్కలు ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్‌లో పడేవి. చైన్ జారిందంటే ఇంజిన్ పోయినట్టే. టైముకి ఆయిల్ మార్పించిన వాళ్లకీ ఇదే జరిగింది. జనం కోర్టుకెళ్లారు, కంపెనీ వారంటీ పొడిగించింది. సర్వీసు ఫైల్ ఎంత లావుగా ఉన్నా ఆ ప్లాస్టిక్ గైడ్ ఉక్కు అవ్వదు కదా!

అవే ఏళ్లలో వచ్చిన లెక్సస్ ఈఎస్350 చూడండి. 3.5 లీటర్ల వీ6, టర్బో లేదు, మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్. జేడీ పవర్ సంస్థ చేసే డిపెండబిలిటీ (బండి ఎంత నమ్మకంగా నడుస్తుందనే) సర్వేల్లో లెక్సస్ పేరు ఏళ్ల తరబడి పైవరుసలోనే ఉంటోంది. ఊరికే రాదు ఆ పేరు.

పాత డీజిల్

డాలస్ అన్నా, ఆ సర్వే అడిగేది మూడేళ్ల బండి ఓనర్లని. మియాపూర్ వాసి కొనబోయేది దాదాపు పదేళ్ల బండి. పైగా ఆ లెక్కలో ఫోన్ స్క్రీన్‌కి కనెక్ట్ కాకపోవడం కూడా ఒక సమస్యే, గేర్‌బాక్స్ జారడం కూడా ఒక సమస్యే. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్లు అడిగింది అమెరికాలో అమ్మిన బండ్ల గురించి. మన 520డి, ఈ220డి లాంటి నాలుగు సిలిండర్ల డీజిల్ బండ్లు తిరిగేది మన ఎండలో, మన దుమ్ములో, మన స్పీడ్ బ్రేకర్ల మీద. ఆ ర్యాంకు తెచ్చి ఈ బండికి అతికించడం సరికాదు.

మోడల్ గురించి తెలుసుకోవద్దు అనను. అయితే బ్రాండ్ పేరుతో ఆగకూడదు, ఏ ఇంజిన్, ఏ ఏడాది అనే దాకా వెళ్లాలి. డబ్ల్యూ212నే చూడండి. తొలి ఏళ్ల 250 సీడీఐకి డెల్ఫీ కంపెనీ పీజో రకం ఇంజెక్టర్ల (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే భాగాలు) గొడవ ఉండేది. తర్వాత మెర్సిడెస్ సోలినాయిడ్ రకం ఇంజెక్టర్లకి మారింది. 2010 బండికి వచ్చిన చెడ్డపేరుని 2015 బండి నెత్తిన రుద్దితే ఎలా?

బెజవాడ వర్క్‌షాప్

నేను జర్మన్ బండ్లే చూస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. మియాపూర్ వాసి గారూ, మీ మామయ్య మాట వినండి.

మొదటి సంగతి నీళ్లు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2023 డిసెంబర్‌లో చెన్నై, 2024 సెప్టెంబర్‌లో మా బుడమేరు. ఇలాంటి ప్రతి వరద తర్వాత మునిగిన బండ్లు వేలానికి వస్తాయి. రిపేరు ఖర్చు ఐడీవీలో (ఇన్సూరెన్స్‌లో బండికి కట్టిన విలువ) 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద తేల్చేస్తారు. ఆ బండిని ఎవరో తక్కువకి కొని, ఎండబెట్టి, పాలిష్ పట్టి, వేరే ఊళ్లో అమ్ముతారు. పైన పటారం లోన లొటారం. ఇంజిన్ మొదట్లో బాగానే తిరుగుతుంది. ఆర్నెల్ల తర్వాత ఒక్కో కంట్రోల్ యూనిట్ మొరాయించడం మొదలవుతుంది. ఏ సర్వేలో నంబర్ వన్ అయిన మోడల్ అయినా నీళ్లలో మునిగితే ఒకటే.

పట్టుకోవడం ఎలాగంటే, ముందు సీటు బెల్ట్‌ని చివరిదాకా లాగండి. రోజూ బయటికి రాని ఆ ఆఖరి జానెడు బట్టని వేళ్లతో తడిమి చూడండి. మునిగిన బండిలో అక్కడ సన్నటి మట్టి గీత ఉంటుంది, బట్ట బిరుసుగా తగులుతుంది. కడిగేవాళ్లు సీట్లు కడుగుతారు, కార్పెట్ మారుస్తారు గానీ రీల్ లోపల చుట్టుకున్న బెల్ట్ దాకా చాలామంది వెళ్లరు. బెల్టే కొత్తది వేశారా? దాని అడుగున కుట్టిన లేబుల్ మీద తయారీ తేదీ ఉంటుంది. బండి 2016ది, బెల్ట్ 2021ది అయితే ఎందుకు మార్చారో అడగండి. యాక్సిడెంట్‌లో ఎయిర్‌బ్యాగ్‌లు పేలినా బెల్టులు మారుస్తారు కాబట్టి ఏదో ఒక కథ బయటపడుతుంది. తర్వాత సీటు కింద టార్చి వేసి కనెక్టర్ల పిన్నుల మీద పచ్చటి తుప్పు ఉందేమో, బూట్‌లో మ్యాట్ లేపి అడుగున తడి, మట్టి ఉన్నాయేమో చూడండి. ఈ బీఎండబ్ల్యూలో బ్యాటరీ కూడా బూట్‌లోనే ఉంటుంది.

రెండోది మీటర్. 62 వేలు అని తెర మీద కనిపిస్తే సరిపోదు. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. 62 వేలకి రెండోసారి, మూడోసారి టైర్లు మారాయంటే అనుమానించాలి. షోరూంలో బీఎండబ్ల్యూ తాళంచెవిని రీడర్‌లో పెడితే కిలోమీటర్లు వస్తాయి. మీటర్ తిప్పేవాళ్లు అన్ని మాడ్యూళ్లలోనూ లెక్క మార్చకపోవచ్చు, బండిలోని కంప్యూటర్లని చదివే స్కానర్‌తో గేర్‌బాక్స్ మాడ్యూల్‌ని (దాని కంట్రోల్ యూనిట్) కూడా చదివించండి.

ఇంకొక్కటి. స్కాన్ చేస్తే "ఎర్రర్లు ఏమీ లేవు సార్" అని చూపించి సంతోషపెడతారు. ఎర్రర్ కోడ్‌లు చెరిపేశాక బండి ఎంత దూరం తిరిగిందో కూడా ఆ స్కానరే చెబుతుంది. అది పది, ఇరవై కిలోమీటర్లని ఉంటే మిమ్మల్ని రమ్మనే ముందే తుడిచేశారని అర్థం.

టర్బో వైజాగ్

బెజవాడ అన్న చెప్పినవాటికి గేర్‌బాక్స్ ఆయిల్ కలుపుతాను. బీఎండబ్ల్యూ 8 గేర్ల ఆటోమేటిక్‌లో ఆయిల్ "లైఫ్‌టైమ్" అంటుంది. ఆ గేర్‌బాక్స్‌ని తయారు చేసే జెడ్‌ఎఫ్ కంపెనీయేమో 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య, లేదంటే ఎనిమిదేళ్లకి మార్చమంటుంది. 2016 బండికి ఎనిమిదేళ్లు దాటిపోయాయి. మార్చిన బిల్లు ఉందా? లేకపోతే ఆ ఖర్చు బేరంలో తీసేయాలి, ఎందుకంటే ఫిల్టర్ ఆయిల్ పాన్‌లోనే కలిసి ఉంటుంది, పాన్ మొత్తం మార్చాలి. ఈ250 గేర్‌బాక్స్‌కీ ఇదే ప్రశ్న.

డాలస్ తెలుగోడు

బెజవాడ అన్నా, మీరు రాసిన ప్రతి పరీక్షా చేయాల్సిందే. కానీ అవన్నీ దెబ్బతిన్న బండిని, మోసాన్ని పట్టుకునే పరీక్షలు. రేపు ఏం పాడవుతుందో అవి చెప్పవు. 520డిలో టైమింగ్ చైన్ ఇంజిన్ వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. పాత ఎన్47 ఇంజిన్ అయినా, తర్వాతి బీ47 ఇంజిన్ అయినా అంతే. ఎన్47 తొలి ఏళ్ల బండ్లలో ఆ చైన్ అరిగి తెగిన కేసులు యూరప్ నిండా ఉన్నాయి. చైన్ మార్చాలంటే గేర్‌బాక్సో, ఇంజినో దించాలి. మామూలు బండిలో ఒక పార్టు ఖరీదుతో పోయేది ఇక్కడ లేబర్‌తో కలిపి తడిసి మోపెడవుతుంది. 2018లో దక్షిణ కొరియాలో 520డిలు వరసగా తగలబడ్డాయి, ఈజీఆర్ కూలర్‌లో (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగని చల్లబరిచే భాగం) కూలెంట్ లీకై. అక్కడ లక్షకు పైగా బండ్లు రీకాల్ చేశారు. వాటి ఓనర్లు బండిని సరిగ్గా చూసుకోలేదనా? మోడల్ గుణం అనేది ఒకటుంది. దాన్ని సీటు బెల్ట్ చెప్పదు.

బెజవాడ వర్క్‌షాప్

ఒప్పుకుంటాను అన్నా, చైన్ వెనక ఉండటం డిజైన్ సంగతే. ఈ250లోనూ వెనకే ఉంటుంది. కానీ నా దగ్గరికి చైన్ మోతతో వచ్చే బండ్లలో ఎక్కువ భాగం ఆయిల్ మార్పు సాగదీసినవే. కంప్యూటర్ ఇంకా టైముంది అంటోందని నల్లటి జిగట అయ్యేదాకా తిప్పుతారు. ఏడాదికోసారి, దూరం తక్కువైనా సరే, ఆయిల్ మార్పించిన బండ్లు నిశ్శబ్దంగా తిరగడం నా చెవులతో వింటున్నాను. ఆ రీకాల్ కూడా చూడండి, చేయించిన బండి వేరు, చేయించని బండి వేరు. అది తెలిసేది మళ్లీ చరిత్రలోనే. షోరూంలో చాసిస్ నంబర్ ఇచ్చి పెండింగ్ రీకాల్స్ అడగండి.

లెక్కల మాస్టారు

ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు: కాగితాలు, చేతిలో మిగిలే డబ్బు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిప్పకూడదన్న నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాత గడువు దగ్గరపడిన బండ్లు దక్షిణాదికి చౌకగా రావడం మొదలైంది. చౌక అంటే చెడ్డదని కాదు. అయితే ఎన్‌ఓసీ వచ్చిందంటే పని అయిపోలేదు. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ ఎవరు కట్టారు, కట్టారా లేదా, లోన్ తీరి హైపోథికేషన్ (ఆర్సీ మీద అప్పిచ్చిన బ్యాంకు పేరు) కొట్టేశారా, చలాన్లు ఉన్నాయా, ఇవన్నీ తేలాకే అడ్వాన్స్ ఇవ్వండి. ట్యాక్స్ కలిపి లెక్కేస్తే రెండు బండ్ల ధర ఒకటి కాకపోవచ్చు.

నా మాట ఇంకొకటి. బండి ధరలో కనీసం ఐదో వంతు పక్కన పెట్టుకోలేకపోతే ఈ రెండింటిలో ఏదీ వద్దు. ఏ మోడల్ అయినా, ఏ చరిత్ర అయినా, పదేళ్ల లగ్జరీ బండికి సస్పెన్షన్‌లోని బుష్‌లు, కంట్రోల్ ఆర్మ్‌లు, ఇంకా టైర్లు మొదటి ఏడాదిలోనే అడుగుతాయి. బండి పాతబడితే ధర తగ్గుతుంది, పార్టుల ధర తగ్గదు.

మియాపూర్ వాసి

అందరికీ ధన్యవాదాలు. ఇవాళ స్కానర్ ఉన్న మెకానిక్‌ని తీసుకుని 520డి దగ్గరికి వెళ్లాను. సీటు బెల్టులు శుభ్రంగానే ఉన్నాయి, తేదీలూ సరిపోయాయి. వరద బండి కాదని మెకానిక్ కూడా అన్నాడు. కానీ కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం 9 కిలోమీటర్లు. గేర్‌బాక్స్ మాడ్యూల్‌లో 1.31 లక్షలు చూపించింది. తాళంచెవి షోరూంకి తీసుకెళ్దాం అన్నాను, డీలర్ "రెండో కీ కూడా లేదు సార్, ఇది ఇవ్వలేం" అన్నాడు. నేను వెళ్లేసరికి ఇంజిన్ అప్పటికే వేడిగా ఉంది, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వచ్చే మోత వినే వీలే లేకపోయింది.

లైఫ్ ట్యాక్స్ ఇంకా కట్టలేదట. మాస్టారు గారు అడగమనకపోతే నాకు తట్టేది కాదు.

పాత డీజిల్

1.31 లక్షల బండి కూడా మంచిదే అయ్యుండొచ్చు. 62 వేలని చెప్పి అమ్మేవాడు మంచివాడు కాదు. అక్కడితో ఆపేయండి.

డాలస్ తెలుగోడు

ఈ బండి విషయంలో మీ మామయ్యే గెలిచారు, సందేహం లేదు. నేను మాత్రం నా మాట మీదే ఉన్నాను. ఈ250 ఫైల్ ఎంత ముచ్చటగా ఉన్నా, 1.18 లక్షల మీద చైన్, ఇంజెక్టర్లు, గేర్‌బాక్స్ ఈ మూడింటి గురించీ రాతపూర్వకంగా తేల్చుకోకుండా డబ్బు ఇవ్వొద్దు. ఇదే బడ్జెట్‌లో బాగా చూసుకున్న క్యామ్రీ హైబ్రిడ్ దొరికితే అది కూడా ఒకసారి చూడండి. బ్యాడ్జి చిన్నది కావచ్చు, గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు.

టర్బో వైజాగ్

క్యామ్రీ అయితే హైబ్రిడ్ బ్యాటరీ హెల్త్ రిపోర్ట్ అడగండి. వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి లాగే జాలీ ఉంటుంది, దుమ్ము పట్టి మూసుకుపోయిందేమో చూడండి.

మియాపూర్ వాసి

ఈ250 ఓనర్‌తో మాట్లాడాను, పెద్దాయన. రేపు ఉదయం ఏడింటికి రమ్మన్నారు, అప్పటిదాకా బండి స్టార్ట్ చేయనని చెప్పారు. ఫైల్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ బిల్లు 96 వేల దగ్గర ఉంది. ఇంజెక్టర్ల గురించి ఏమీ లేదు. బెజవాడ అన్నా, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఏం వినాలి?

బెజవాడ వర్క్‌షాప్

ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి తమ్ముడూ. లోపల ఓనర్‌ని స్టార్ట్ చేయమని, మీరు బయట విండ్‌షీల్డ్ పక్కన నిలబడండి. చైన్ ఉండేది ఆ వైపే. మొదటి రెండు సెకన్ల డీజిల్ మోత మామూలే. ఆ తర్వాత కూడా గొలుసు రేకు మీద రాసుకుంటున్నట్టు గరగర ఆగకపోతే మళ్లీ స్టార్ట్ చేయించొద్దు, చైన్ చూపించమనండి. శబ్దం శుభ్రంగా ఉంటే పది నిమిషాలు ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ ఆన్‌లో) ఉంచి స్కానర్‌లో నాలుగు ఇంజెక్టర్ల కరెక్షన్ విలువలు (ఒక్కోదానికి కంప్యూటర్ డీజిల్ ఎంత సర్దుతోందో) చూడండి. ఒకటి మిగతా మూడింటికీ బాగా దూరంగా ఉంటే ఆ ఫోటో ఇక్కడ పెట్టండి. పెద్దాయన ముందు మాత్రం బేరం మొదలుపెట్టకండి, నంబర్లు చూశాక ఎంత తగ్గించాలో చెబుతాను.