కొత్త ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికి దాదాపు రెండు నిమిషాలు, మార్చుకోవడానికి మూడు రోజులే గడువుంది

మెడికల్‌కోడర్_నంద్యాల:

అందరికీ నమస్తే. నేను నంద్యాలలో ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ పని చేస్తాను, ఉదయం ఆరున్నర షిఫ్టు. పాత ల్యాప్‌టాప్ హింజ్ విరిగిపోతే పోయిన వారం కొత్తది తీసుకున్నాను. ఐ5 పదమూడో జనరేషన్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11. 58 వేలయింది, అందులో సగం చీటీ పాడి తెచ్చిన డబ్బు.

పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి పాస్‌వర్డ్ అడిగే స్క్రీన్ రావడానికే నిమిషంన్నర దాకా పడుతోంది. డెస్క్‌టాప్ వచ్చాక కూడా కాసేపు ఏది నొక్కినా పలకదు, మౌస్ ఆగి ఆగి కదులుతుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను, ఒకరోజు మొత్తం 1 నిమిషం 52 సెకన్లు, ఇంకోరోజు 1 నిమిషం 47. ఆరేళ్ల పాతదే ఇంతకన్నా ముందు తెరుచుకునేది.

షాపుకి ఫోన్ చేస్తే "కొత్తది కదమ్మా, అప్‌డేట్లు అవుతుంటాయి, పది రోజులు వాడితే సెట్ అయిపోతుంది" అంటున్నారు. వాళ్లు మార్చి ఇచ్చే గడువే పది రోజులు, ఇవాళ్టికి ఏడు అయిపోయాయి. లాగిన్ లేటయిందంటే టీమ్ లీడ్‌కి సమాధానం చెప్పుకోవాలి కాబట్టి ఆ టెన్షన్‌తో ఐదున్నరకే లేచి ఆన్ చేసి పెడుతున్నాను.

ఇంకో సంగతి నాకస్సలు అర్థం కావట్లేదు. ఆదివారం ఆళ్లగడ్డలో అమ్మ వాళ్లింటికి తీసుకెళ్తే అక్కడ చకచకా తెరుచుకుంది. సోమవారం ఇంట్లో మళ్లీ మామూలే. కరెంటులో తేడా వల్ల ఇలా అవుతుందా? యూట్యూబ్ చూసి స్టార్టప్ యాప్స్ అన్నీ ఆపేశాను, ఏమీ మారలేదు. ఫార్మాట్ కొట్టించాలా, మార్చమని షాపులో గట్టిగా అడగాలా?

బీటెక్_ఫైనల్‌ఇయర్:

అక్కా, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూడండి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, అందులో ఎడమ పక్కన పవర్ బటన్స్ గురించి ఒక లింకు ఉంటుంది. నాకు అది ఆన్ చేశాక బాగా తేడా వచ్చింది. అప్పటికీ కాకపోతే ఫార్మాటే.

సర్వీస్‌బెంచ్_గుంటూరు:

ఫార్మాట్ మాట ఇప్పుడే ఎత్తకండమ్మా. ఏడు రోజుల ల్యాప్‌టాప్‌కి ఫార్మాట్ కొట్టించి, సమస్య అలాగే ఉండి, ఈలోపు గడువు కూడా దాటిపోయి నా బెంచ్ దగ్గరికి వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. ముందు టైము ఎక్కడ పోతోందో పట్టుకోవాలి.

బటన్ నొక్కాక ప్రయాణం మూడు మజిలీల్లో జరుగుతుంది. కంపెనీ లోగో కనిపిస్తున్నంతసేపూ చాలావరకు బయోస్ (విండోస్ కన్నా ముందే లేచే, మదర్‌బోర్డులో ఉండే చిన్న ప్రోగ్రామ్) పని, అంటే ర్యామ్, డిస్క్, తగిలించిన వస్తువులు అన్నీ చూసుకుని విండోస్ ఎక్కడుందో వెతకడం. ఆ తర్వాత పాస్‌వర్డ్ స్క్రీన్ దాకా విండోస్ లేవడం. పాస్‌వర్డ్ కొట్టాక మీ యాప్స్ లేవడం. మీరు యూట్యూబ్ చూసి సరిచేసింది ఈ చివరి మజిలీ ఒక్కదాన్నే, మీ టైము ఎక్కువగా పోతున్నది దానికి ముందు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. స్టార్టప్ యాప్స్ పేజీలో పైన కుడి మూలన "లాస్ట్ బయోస్ టైమ్" అని చిన్న అక్షరాల్లో సెకన్లు రాసి ఉంటాయి. నేను చూసినంతలో ఈ తరం మెషీన్లకి అది 5 నుంచి 15 మధ్య ఉంటుంది, 20 దాటితే నేను అనుమానిస్తాను. ఆ అంకె చెప్పండి.

తమ్ముడు చెప్పిన ఫాస్ట్ స్టార్టప్ విండోస్ 8 నుంచీ ఉంది. షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ కెర్నల్‌ని, అంటే దాని లోపలి ముఖ్య భాగాన్ని, పూర్తిగా మూసేయకుండా డిస్క్‌లో ఒక ఫైలుగా దాచి, మళ్లీ ఆన్ చేయగానే దాన్నే చదువుకుంటుంది. అందుకే రోజూ షట్‌డౌన్ చేసేవాళ్లకి కూడా టాస్క్ మేనేజర్‌లో అప్ టైమ్ తొమ్మిది రోజులు, పది రోజులు అని కనిపిస్తుంది. అది మంచిదే కానీ రెండో మజిలీని మాత్రమే తగ్గిస్తుంది, బయోస్‌లో పోయే టైముని అది ముట్టుకోదు.

ఇక కరెంటుకి దీనికీ సంబంధం లేదు. మీ ఇంట్లో ల్యాప్‌టాప్‌కి ఏమేం తగిలించి ఉంటాయి, అమ్మ వాళ్లింట్లో వాటిలో ఏవి లేవు? ఒక్కోటీ రాయండి.

మెడికల్‌కోడర్_నంద్యాల:

చూశానండి, 71.4 సెకన్లు అని ఉంది!

ఇంట్లో ఛార్జర్, వైర్‌లెస్ మౌస్, ల్యాన్ కేబుల్ ఉంటాయి. మా కంపెనీలో వైఫై మీద పని చేయనివ్వరు, కేబుల్ తప్పనిసరి. పాత ఫైళ్లున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కూడా ఎప్పుడూ తగిలించే ఉంటుంది. అమ్మ దగ్గర ఛార్జర్ ఒక్కటే, నెట్‌కి ఫోన్ హాట్‌స్పాట్ వాడాను.

మీరు చెప్పాక ఈసారి పక్కకి వెళ్లకుండా స్క్రీన్ ముందే కూర్చుని చూశాను. లోగో కింద తెల్లటి సన్న అక్షరాల్లో "స్టార్ట్ పీఎక్స్‌ఈ ఓవర్ ఐపీవీ4" అని వచ్చి చాలాసేపు కదలకుండా ఉండి, తర్వాత అదే లైను 6 అంకెతో వచ్చి మళ్లీ ఆగింది. అది పోయాకే విండోస్ చక్రం తిరగడం మొదలైంది. ఇన్నాళ్లూ ఆన్ చేసి పాలు పొయ్యి మీద పెట్టడానికి వెళ్లేదాన్ని, అందుకే కనిపించలేదు.

కాలేజ్‌ల్యాబ్_వరంగల్:

ఆ ఒక్క లైనుతో విషయం తేలిపోయిందండి. అది నెట్‌వర్క్ బూట్. మా ల్యాబ్‌లో అరవై మెషీన్లకి విండోస్ వేయాలంటే ఒక్కోదానికీ పెన్‌డ్రైవ్ పెట్టకుండా ల్యాన్ మీదుగా సర్వర్ నుంచే వేస్తాం, పీఎక్స్‌ఈ అన్నది అందుకోసమే. మీ ల్యాప్‌టాప్ ప్రతిరోజూ లేవగానే సొంత ఎస్‌ఎస్‌డీని వదిలేసి, కేబుల్‌లో అవతల ఎవరైనా సర్వర్ ఉండి విండోస్ ఇస్తారేమోనని అడుగుతోంది. మీ ఇంటి రౌటర్ ఐపీ అడ్రస్ ఇవ్వగలదు, అంతకుమించి ఇచ్చేవాళ్లెవరూ అక్కడ లేరు. జవాబు కోసం ఎదురుచూసి, ఐపీవీ4లో రాకపోతే ఐపీవీ6లో (ఇవి నెట్‌వర్క్ అడ్రసుల పాత, కొత్త పద్ధతులు) మళ్లీ మొదటినుంచి అడిగి, అప్పుడు గానీ ఎస్‌ఎస్‌డీ వైపు తిరగదు. అమ్మ వాళ్లింట్లో కేబుల్ లేదు కాబట్టి అడిగే పనే పడలేదు.

కొత్త మెషీన్‌లో మామూలుగా విండోస్ బూట్ మేనేజరే, అంటే ఎస్‌ఎస్‌డీలోని విండోస్‌ని లేపేదే, మొదట ఉంటుంది. షాపులో పెన్‌డ్రైవ్ పెట్టి మీ ముందు ఏమైనా వేశారా?

ఇప్పుడు బయోస్‌లోకి వెళ్లాలి, కానీ అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది, దయచేసి దాటవేయకండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని ఫైళ్లకి తాళం లాంటిది) ఆన్‌లో ఉందేమో చూడండి, చాలా కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో అది దానంతటదే ఆన్ అయి ఉంటుంది. ఉంటే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో 48 అంకెల రికవరీ కీ దొరుకుతుంది, దాన్ని కాగితం మీద రాసుకోండి. బూట్ వరస మారిస్తే ఒక్కోసారి ఆ కీ అడుగుతుంది, అది చేతిలో లేకపోతే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు.

తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్ పక్కన రీస్టార్ట్ నౌ. నీలం స్క్రీన్‌లో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ (ఇప్పటి మెషీన్లలో బయోస్ పేరు ఇదే). అక్కడ బూట్ పేజీలో విండోస్ బూట్ మేనేజర్‌ని అన్నిటికన్నా పైకి తెచ్చి, నెట్‌వర్క్ బూట్‌ని డిజేబుల్ చేసి సేవ్ చేయండి. పేర్లు కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. విండోస్ లేచాక మీ ల్యాన్ ఇంటర్నెట్ ఎప్పటిలాగే పనిచేస్తుంది, ఆఫీసు పనికి ఏ ఇబ్బందీ ఉండదు.

ఒంగోలు_కుర్రోడు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది కొత్తదే, బయోస్ టైమ్ 8 సెకన్లే చూపిస్తోంది, కానీ మొత్తం రెండున్నర నిమిషాలు. 1 టీబీ హార్డ్ డిస్క్.

సర్వీస్‌బెంచ్_గుంటూరు:

మీది వేరే కథ తమ్ముడూ. తిరిగే డిస్క్ మీద విండోస్ 11 అంతే, దానికి సెట్టింగ్‌తో మందు లేదు. తక్కువ ధర మోడళ్లలో చాలావాటికి ఎం.2 స్లాట్ (చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఖాళీగా ఉంటుంది. మీ మోడల్‌కి ఉందో లేదో కనుక్కుని, ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ వేయించి విండోస్ దాని మీదికి మార్చుకోండి. వారంటీ పోకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే వేయించండి.

మెడికల్‌కోడర్_నంద్యాల:

అవునండి, షాపులో అబ్బాయి పెన్‌డ్రైవ్ పెట్టి విండోస్ మళ్లీ వేసి, ఇంకేవో సాఫ్ట్‌వేర్లు కూడా ఎక్కించి ఇచ్చాడు. బయోస్‌లో చూస్తే యూఎస్‌బీ మొదట, నెట్‌వర్క్ రెండోది, విండోస్ మూడోది!

కీ రాసుకుని మీరు చెప్పినట్టే మార్చాను. మళ్లీ ఆన్ చేసినప్పుడు నిజంగానే కీ అడిగింది, రాసుకోకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేసింది. ఒక్కో అంకె చూసి కొట్టాను, తెరుచుకుంది. ఇప్పుడు బయోస్ టైమ్ 9.8. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కూడా తీసి మళ్లీ చూస్తే 7.9.

డెస్క్‌టాప్ వచ్చాక మౌస్ ఆగడం మాత్రం ఇంకా ఉంది.

సర్వీస్‌బెంచ్_గుంటూరు:

రాసుకుని మంచి పని చేశారమ్మా. మిగిలినదాన్ని కూడా ఊహించకుండా చూద్దాం. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని కొట్టి, అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నస్టిక్స్ పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ వరకు వెళ్లండి. అందులో 100 నంబరు ఎంట్రీలో విండోస్ లేవడానికి పట్టిన టైము మిల్లీసెకన్లలో ఉంటుంది, వెయ్యితో భాగిస్తే సెకన్లు. 101 నంబరు ఎంట్రీలు కనిపిస్తే, ఏ ప్రోగ్రామ్ ఆలస్యం చేసిందో పేరుతో సహా ఉంటుంది.

షాపులో మళ్లీ వేశారు కాబట్టి సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ కూడా చూసుకోండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ లైసెన్సుకి మీరు డబ్బు కట్టి ఉంటే అది యాక్టివ్‌గానే ఉండాలి.

మెడికల్‌కోడర్_నంద్యాల:

యాక్టివేషన్ సరిగ్గానే ఉంది. 101లో ఒకే పేరు నాలుగుసార్లు ఉంది, షాపులో ఎక్కించిన ట్రయల్ యాంటీవైరస్. స్టార్టప్ యాప్స్‌లో నేను ఆపింది దాని గుర్తుని మాత్రమే అనుకుంటా, లోపల సర్వీస్‌గా నడుస్తూనే ఉంది. తీసేసి రీస్టార్ట్ చేశాను, విండోస్‌లోనే ఉండే డిఫెండర్ దానంతటదే ఆన్ అయింది.

ఇప్పుడే షట్‌డౌన్ చేసి, ల్యాన్ కేబుల్ పెట్టే ఉంచి, స్టాప్‌వాచ్‌తో మూడుసార్లు చూశాను. 24, 26, 24 సెకన్లు. మౌస్ ఆగట్లేదు. షాపుకి వెళ్లే పని లేదు. ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్సండి, రేపు అలారం ఆరింటికి పెట్టుకుంటున్నాను.