తుపాకీ కొనేవాడి గురించి ఆరా తీస్తే ఎవరికి నష్టం?

కాలువగట్టు, పాలకొల్లు:
తుపాకీ ఎవరు ఎవరికి అమ్మినా, కొనేవాడి నేరచరిత్ర చూశాకే అమ్మాలని అమెరికా సెనేటర్ క్రిస్ మర్ఫీ ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లల్ని, ఆరుగురు పెద్దవాళ్ళని కాల్చి చంపినప్పుడు ఆ ఊరు ఆయన నియోజకవర్గంలోనే ఉంది. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం తనిఖీ చేయాల్సింది లైసెన్సున్న దుకాణదారే. మామూలు మనిషి తన తుపాకీ ఇంకొకడికి అమ్ముకుంటే చాలా రాష్ట్రాల్లో అడిగే నాథుడు లేడు. గన్ షోల్లో (తుపాకుల సంతల్లో), ఆన్‌లైన్‌లో అమ్మకాలకైనా తనిఖీ పెడదామని 2013లో సవరణ తెస్తే సెనేట్‌లో 54 ఓట్లొచ్చాయి. 60 కావాలి కాబట్టి వీగిపోయింది.
మా అన్నయ్య కొడుకు టెక్సాస్‌లో పెట్రోల్ బంకులో రాత్రి డ్యూటీ చేస్తున్నాడు. అందుకే అడుగుతున్నా.

రొయ్యల చెరువు, భీమవరం:
నష్టం ఎవరికో నేను చెబుతానండి. మా చెరువు మీద రెండుసార్లు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ మోటార్లు ఎత్తుకుపోయారు, ట్రాన్స్‌ఫార్మర్ విప్పి రాగి పట్టుకుపోయారు. తుపాకీ లైసెన్సుకి పెట్టుకుంటే రెండున్నరేళ్ళు తిప్పారు. ఫైలు ఏ బల్ల మీద ఉందో ఎవరూ చెప్పరు. దొంగ మాత్రం ఏ దరఖాస్తూ పెట్టలేదు. చట్టం బిగిసేకొద్దీ తిరిగేది నాలాంటివాడే.

కొబ్బరితోట, అంబాజీపేట:
మన ఆయుధాల చట్టం సెక్షన్ 18 కింద అప్పీలు ఉందండి. వేశారా?

రొయ్యల చెరువు, భీమవరం:
కాదంటే కదండీ అప్పీలు! కాదని కూడా రాసివ్వలేదు.

కాలువగట్టు, పాలకొల్లు:
మీ బాధ నిజమే. కానీ అక్కడ సంగతి వేరు. చాలా తనిఖీలు నిమిషాల్లో అయిపోతాయి. తేలనివాటికి మూడు పనిదినాలు ఆగి, జవాబు రాకపోయినా దుకాణదారు అమ్మేయొచ్చు. 2015లో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడి చేతికి తుపాకీ అలాగే వచ్చింది.

రొయ్యల చెరువు, భీమవరం:
మూడు రోజులు! చట్టమంటే అదండీ. ఆఫీసు నిద్రపోతే ఆ తప్పు ఆఫీసుదే, నాది కాదు.

కాలువగట్టు, పాలకొల్లు:
తప్పు ఆఫీసుదే. ప్రాణాలు మాత్రం ఆ తొమ్మిది మందివి పోయాయి.

లేసుపని, నరసాపురం:
2022లో టెక్సాస్‌లోని ఉవాల్డే బడిలో కాల్పుల తర్వాత 21 ఏళ్ళలోపు వాళ్ళ విషయంలో ఆ గడువు పది పనిదినాల దాకా పెంచుకునే వీలు ఇచ్చారు. మన దగ్గర 21 నిండనివాడికి అసలు లైసెన్సే లేదు.

రొయ్యల చెరువు, భీమవరం:
పదైనా సరే. గడువు దాటితే అమ్మేయొచ్చు కదా. నాకు అదీ లేదు.

కాలువగట్టు, పాలకొల్లు:
ఎంతసేపూ ఆ గడువేనా? మీకు పోయింది మోటార్లు. మాకు పిల్లాడే దక్కుతాడో లేదోనని భయం. రెండూ ఒకటేనా?

రొయ్యల చెరువు, భీమవరం:
మోటార్లని తేల్చేశారు. రెండోసారి వచ్చిన రాత్రి అడ్డుపడ్డాడని మా కాపలా మనిషిని కర్రలతో కొట్టారు. కుడిచెయ్యి ఇప్పటికీ భుజం పైకి లేవదు, మేత బస్తా ఎత్తలేడు. స్టేషన్‌కి ఫోన్ చేస్తే తెల్లారాక వచ్చారు. ఎవరికి ఇవ్వాలో ఎవరికి వద్దో ఆ మనుషుల చేతిలోనే పెట్టమంటున్నారు మీరు. నేను వాళ్ళని నమ్మను. మీకూ నాకూ గొడవ అక్కడేనండి, అమెరికాలో కాదు.

కాలువగట్టు, పాలకొల్లు:
కాపలా ఆయన సంగతి నాకు తెలియదు, మాట జారాను. నేనూ ఆఫీసుల్ని నమ్మి చెప్పట్లేదు. మావాడు వీడియో కాల్‌లో మాట్లాడుతూ, తలుపు గంట మోగగానే ఆగిపోతాడు. వచ్చినవాడి మొహం కన్నా ముందు చేతులు చూస్తాడు. ఆ చూపు నాకు తెలుస్తుంది. ఆ రాత్రి మీ చెరువు మీదకొచ్చిన వాళ్ళకి తుపాకీ అంగట్లో దొరికే పనైతే, కర్రలు పట్టుకొచ్చేవాళ్ళా?

రొయ్యల చెరువు, భీమవరం:
కర్రలే కదా అని సంతోషించమంటారా? ఆ మాట ఒకసారి వచ్చి మా కాపలా మనిషి ముందు అనండి.

లేసుపని, నరసాపురం:
ఇద్దరూ కాస్త ఆగండి. కాలువగట్టు గారూ, అబ్బాయి బంకులో గట్టి అద్దం ఉందా?

కాలువగట్టు, పాలకొల్లు:
డబ్బు తీసుకునే చోట ఉందటండి. రెండు గంటలప్పుడు నేల తుడవడానికి మాత్రం బయటికి రావాలట.