ది రింగ్స్ ఆఫ్ పవర్: ప్రేక్షకుల అసంతృప్తి కథను మార్చినందుకా, కాలాన్ని కుదించినందుకా?

కృష్ణాతీరం (ప్రశ్న)

ప్రైమ్ వీడియోలో వచ్చిన, ఆంగ్ల రచయిత జె. ఆర్. ఆర్. టోల్కీన్ ఊహాలోకం ఆధారంగా తీసిన ‘ది రింగ్స్ ఆఫ్ పవర్’ ధారావాహిక రెండు సీజన్లూ చూడడం పూర్తయింది. టోల్కీన్ పుస్తకాలంటే ఎంతో కాలంగా ఇష్టం ఉన్నందువల్ల, 2022 సెప్టెంబరులో మొదటి సీజన్ విడుదలైనప్పటి నుంచి ప్రేక్షకులు దీనిపై రాస్తున్నవన్నీ శ్రద్ధగా చదువుతూ వస్తున్నాను. 2017లో హక్కుల కోసమే దాదాపు 25 కోట్ల డాలర్లు వెచ్చించారనీ, న్యూజీలాండ్‌లో తీసిన మొదటి ఎనిమిది భాగాలకు 46 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిందనీ అప్పట్లో పత్రికలు రాశాయి. మొదటి రోజే ప్రపంచమంతటా 2.5 కోట్ల మందికి పైగా చూశారని అమెజాన్ ప్రకటించింది. అయితే అమెరికాలో చూడడం మొదలుపెట్టినవారిలో 37 శాతం మందే మొదటి సీజన్‌ను చివరిదాకా చూశారని 2023లో హాలీవుడ్ రిపోర్టర్ పత్రిక రాసింది. అంత ఆసక్తితో కూర్చున్నవారిలో అంతమంది మధ్యలో ఎందుకు లేచిపోయారు?

ఎక్కువగా వినిపించే జవాబు, పుస్తకంలో లేనివన్నీ చూపించారని. ఆ జవాబుతో నాకు తృప్తి కలగడం లేదు. చావులేని ఎల్ఫ్‌ల జాతికి చెందిన ఎల్‌రాండ్‌కూ, గనులు తవ్వే పొట్టి జాతి డ్వార్ఫ్‌ల యువరాజు డూరిన్‌కూ మధ్య చూపించిన స్నేహం పూర్తిగా రచయితల కల్పన. అయినా ఆ సన్నివేశాలను పుస్తకం చదివినవారూ మెచ్చుకున్నారు, చదవనివారూ మెచ్చుకున్నారు. మరోవైపు, ఒక చెట్టు కోసం ఎల్ఫ్ యోధుడూ, బాల్‌రాగ్ అనే అగ్నిరాక్షసుడూ పోరాడగా, ఆ చెట్టు మీద పడిన పిడుగు వల్ల మిత్రిల్ లోహం పుట్టిందని చెప్పిన కథ కూడా కల్పనే. దాన్ని మాత్రం దాదాపు ఎవరూ క్షమించలేదు. రెండూ మూలంలో లేనివే అయినప్పుడు, ఒకటి మనసుకు ఎక్కి, మరొకటి ఎందుకు ఎక్కలేదు? చదివినవారూ, చదవకుండా చూసినవారూ ఇద్దరి అభిప్రాయాలూ తెలుసుకోవాలని ఉంది.

పుస్తకాల గది

కృష్ణాతీరం గారూ, ముందుగా హక్కుల సంగతి చెప్పుకోవాలి. అది తెలియకపోతే రచయితలను అనవసరంగా నిందించే ప్రమాదం ఉంది. ఈ ధారావాహిక నిర్మాతలకు లభించినవి ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’, దాని అనుబంధాలు, ‘ది హాబిట్’ మాత్రమే. టోల్కీన్ 1973లో మరణించిన తరువాత ఆయన కుమారుడు క్రిస్టఫర్ సంపాదకత్వంలో 1977లో వెలువడిన ‘ది సిల్మరిలియన్’ గానీ, 1980లో వచ్చిన ‘అన్‌ఫినిష్డ్ టేల్స్’ గానీ ఆ ఒప్పందంలో లేవు. ఈ ధారావాహిక నడిచే ద్వితీయ యుగానికి, అంటే ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కథకు వేల ఏళ్ల ముందటి కాలానికి, సంబంధించిన కథనం ఎక్కువగా ఉన్నది ఆ రెండింటిలోనే. అనుబంధాల్లో ఉన్నది చాలావరకు సంవత్సరాల పట్టిక, రాజుల జాబితా, కొన్ని పేరాల సంగ్రహం. వాటి ఆధారంగా గంటల తరబడి నాటకం నడపాలంటే కల్పించక తప్పదు. కాబట్టి కల్పించడమే తప్పని నేను అనను.

నా అభ్యంతరం కాలం విషయంలో. ఆ పట్టిక ప్రకారం ఎల్ఫ్‌ల మూడు ఉంగరాలు పూర్తయినది ద్వితీయ యుగం 1590లో. కథలోని ప్రధాన దుష్టుడు సౌరాన్ తన ఉంగరాన్ని పోతపోసినది 1600 ప్రాంతంలో. ఆ ఉంగరాలు తయారైన ఎల్ఫ్‌ల రాజ్యం ఎరెగియన్ నాశనమైనది 1697లో. మానవుల రాజ్యమైన న్యూమెనార్ ద్వీపం సముద్రంలో మునిగినది 3319లో. సౌరాన్ ఓడిపోయి ఆ యుగం ముగిసినది 3441లో. అంటే ఉంగరాలకూ న్యూమెనార్ పతనానికీ మధ్య పదిహేడు శతాబ్దాలకు పైగా ఉంది. ధారావాహికలో ఇవన్నీ ఒకే తరం మనుషుల కళ్ల ముందు జరుగుతున్నాయి. ప్రతి సీజన్‌కూ మానవ పాత్రలు చనిపోతూ పోతే ప్రేక్షకుడు ఎవరినీ పట్టుకొని నిలవలేడని ప్రధాన రచయితలు జె. డి. పేన్, ప్యాట్రిక్ మెకే ఇచ్చిన వివరణను నేను తేలిగ్గా తీసిపారేయను. నిర్మాణపరంగా అది నిజమైన చిక్కే.

అయితే ఆ కుదింపు వల్ల పోయింది తేదీలు మాత్రమే కాదు. న్యూమెనార్ కథంతా మరణభయం గురించిన కథ. సామాన్య మానవుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం బతికే ఆ జనం, తరాలు గడిచేకొద్దీ, చావు ఎరుగని ఎల్ఫ్‌లను చూసి మొదట అసంతృప్తి, తరువాత అసూయ, చివరకు ద్వేషం పెంచుకొని, మరణాన్నే జయించాలన్న వెర్రితో దేవతల దేశంపై నౌకలు నడిపి నాశనమవుతారు. ఒక్కో రాజు కాలంలో ఒక్కో మెట్టు దిగుతూ వచ్చిన ఆ పతనాన్ని ధారావాహిక ఎలా చూపించిందో మొదటి సీజన్ నాలుగో భాగంలో గమనించండి. నడివీధిలో ఒక పనివాడు గుంపును పోగుచేసి, నిద్రపోని, అలసిపోని, ముసలితనం రాని ఎల్ఫ్‌లు వచ్చి మన పనులు లాక్కుంటారని రెచ్చగొడతాడు. ద్వీపంలో అప్పటికి ఉన్న ఎల్ఫ్ ఒక్క గలాడ్రియెల్ మాత్రమే! శతాబ్దాల పాటు లోపల కుళ్లిన భయం, ఒక్క పూట ఉపాధి తగాదాగా మారిపోయింది. పుస్తకం తెలిసినవారికి మనసు విరిగినది ఇక్కడేనని నా నమ్మకం.

రాత్రి ప్రేక్షకురాలు

నేను టోల్కీన్‌ను చదవలేదు. ధారావాహికను తెలుగు అనువాదంలో, మా వారితోనూ అత్తగారితోనూ కలిసి చూశాను. కనుక సంవత్సరాల పట్టికతో నాకు పేచీ లేదు. అసలు, మూలానికి కట్టుబడి ఉండాలన్న నియమం మన ప్రేక్షకులకు ఎప్పుడూ అంత గట్టిగా లేదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’కు ఆధారమైన శశిరేఖ కథ వ్యాస భారతంలో కనిపించదు. అది తెలిసినవారు కూడా ఆ చిత్రాన్ని తమ సొంత పురాణంగానే చూసుకున్నారు. ఘటోత్కచుడు ఘటోత్కచుడిలాగే, శకుని శకునిలాగే ప్రవర్తిస్తున్నంతవరకు కథ ఎక్కడి నుంచి వచ్చిందని మనం అడగం.

మా ఇంట్లో విసుగు పుట్టింది మరోచోట. మొదటి సీజన్ మొత్తం రెండు ప్రశ్నల మీద నడిచింది: సౌరాన్ ఎవరు, ఆకాశం నుంచి ఊడిపడిన ఆ అపరిచితుడు ఎవరు? ఆ గుట్టు చివరిదాకా దాచాలి కాబట్టి, గలాడ్రియెల్‌కు తోడుగా తిరిగే హాల్‌బ్రాండ్ (అతడే సౌరాన్) మనసులో ఏముందో ఎనిమిదో భాగం వరకు చూపించలేదు. ప్రపంచాన్ని ముంచబోయే ఒక వ్యక్తి, ఓడిపోయి, ఒంటరియై, మంచిగా మారాలా వద్దా అని లోలోపల కొట్టుమిట్టాడుతున్నాడనుకుందాం. అంతకంటే చూడదగిన నాటకం మరొకటి ఉంటుందా? దాన్ని మా కళ్ల ముందు పెట్టకుండా మమ్మల్ని ఊహాగానాలతో కూర్చోబెట్టారు. ముసుగు తీసేసరికి మా అత్తగారు, “ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే, ఆ అమ్మాయి వాడితో మాట్లాడిన ప్రతిసారీ నాకు గుండె దడదడలాడేది కదా” అన్నారు. నేను చదివిన ఏ సమీక్షలోనూ ఈ లోపాన్ని ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

అపరిచితుడి విషయం మరీ అన్యాయం. ఆయన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లోని మాంత్రికుడు గాండాల్ఫ్ అని స్పష్టంగా పలికించడానికి రెండో సీజన్ ఆఖరి భాగం దాకా ఆగారు. అప్పటికి ఆ సంగతి ఊహించనివారు ఎవరూ లేరు.

ఓరుగల్లు పాఠకుడు

పై ఇద్దరి వాదనలూ నాకు నచ్చాయి. కానీ ప్రేక్షకుల స్పందన గురించి మాట్లాడుతూ ఒక విషయాన్ని దాటవేయడం సరికాదు. 2022లో వెల్లువెత్తిన ఆగ్రహంలో కొంత భాగానికి కథతోగానీ, కాలంతోగానీ సంబంధం లేదు. ఎల్ఫ్ యోధుడు అరొండిర్‌గా ఇస్మాయెల్ క్రూజ్ కొర్డోవా, డ్వార్ఫ్ రాకుమారి డీసాగా సోఫియా నోమ్‌వేటే నటించడమే కొందరికి నచ్చలేదు. ఒక్క భాగం కూడా విడుదల కాకముందే వారిని దూషించడం మొదలైంది. సెప్టెంబరు 7న నటీనటులంతా కలిసి ఆ దాడులను ఖండిస్తూ ప్రకటన చేయవలసి వచ్చింది. పాత చిత్రాల్లో హాబిట్లుగా (టోల్కీన్ కథల్లోని చిన్న మనుషులు) నటించిన ఎలైజా వుడ్, షాన్ ఆస్టిన్, డొమినిక్ మోనహన్, బిల్లీ బాయ్డ్ బహిరంగంగా వారి పక్షాన నిలిచారు. అమెజాన్ తన సైట్‌లో ప్రేక్షకుల సమీక్షలను 72 గంటలు ఆపి, పరిశీలించాక గానీ ప్రచురించలేదు.

పుస్తకానికి విధేయత పేరుతో ఈ దూషణ సాగించినవారు పుస్తకం ఎంతవరకు చదివారో తెలియదు. హాబిట్లలో హార్‌ఫుట్‌లు మిగిలిన రెండు శాఖల కంటే గోధుమరంగు చర్మం గలవారని ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ పీఠికలోనే టోల్కీన్ రాశారు. నటన విషయానికి వస్తే, కొండరాళ్లను ఉద్దేశించి డీసా పాడే ఘట్టం ఒక్కటి చాలు, ఆ పాత్రకు ఆవిడను ఎంచుకున్నవారి చూపు ఎంత సరైనదో చెప్పడానికి.

దీని వల్ల జరిగిన రెండో నష్టం గురించి ఎవరూ ఎక్కువగా రాయలేదు. పుస్తకాల గది గారు న్యూమెనార్ గురించి చెప్పినటువంటి నిజమైన విమర్శలు కూడా ఆ దూషణల గుంపులో కలిసిపోయాయి. బాగోలేదన్న ప్రతివారినీ ద్వేషంతో మాట్లాడుతున్నారని సమర్థకులు అనుమానించారు. బాగుందన్న ప్రతివారినీ సంస్థకు అమ్ముడుపోయారని విమర్శకులు నిందించారు. ఈ రెంటి మధ్య కథ గురించి నింపాదిగా మాట్లాడుకొనే చోటు లేకుండా పోయింది. ఈ చర్చ ఇంత సౌమ్యంగా సాగుతున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

కృష్ణాతీరం

ముగ్గురికీ కృతజ్ఞతలు. పుస్తకాల గది గారి మాట చదివాక నా ప్రశ్నకు సగం జవాబు దొరికిందనిపిస్తోంది. మొదటి సీజన్ రెండో భాగంలో ఎల్‌రాండ్ డ్వార్ఫ్‌ల భూగర్భ నగరం ఖజాద్‌డూమ్‌కు వస్తాడు. రాళ్లు పగలగొట్టే పోటీలో ఓడిపోయి తిరిగి వెళ్లిపోవలసి ఉండగా, దారిలో డూరిన్ అసలు కోపం బయటపెడతాడు. ఇరవై ఏళ్లు కనిపించలేదు; నా పెళ్లికి రాలేదు, నా పిల్లలు పుట్టినప్పుడు రాలేదు; నీకు ఇరవై ఏళ్లంటే రెప్పపాటు, నాకు అదొక జీవితం, అంటాడు. చావులేనివాడికి స్నేహితుడిగా ఉండడంలోని బాధంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. ఎల్‌రాండ్ ముఖంలో కనిపించే తత్తరపాటు కూడా ఎంతో నిజమైనది. తాను ఆలస్యం చేశానన్న సంగతే అతనికి అప్పటిదాకా తట్టలేదు.

అంటే కాలాన్ని కుదించిన ఈ ధారావాహికలో అందరికీ నచ్చిన ఘట్టం సరిగ్గా కాలం గురించే. కల్పనే అయినా, టోల్కీన్ జీవితాంతం ఆలోచించిన ప్రశ్న నుంచే పుట్టింది. మిత్రిల్ కథ అందుకు వ్యతిరేకం. ఎల్ఫ్‌లు నెమ్మదిగా క్షీణించడం, లోకం మారుతుంటే తాము మారలేకపోవడం అనే దుఃఖాన్ని, ఫలానా లోహం వసంతకాలం లోపల దొరక్కపోతే ఎల్ఫ్‌లంతా అంతమైపోతారనే గడువుగా మార్చారు. పిడుగు పడడం కన్నా ఆ గడువే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిందని ఇప్పుడు అర్థమవుతోంది. రెండో సీజన్ గురించి కూడా ఎవరైనా రాస్తే బాగుంటుంది.

తూర్పు కనుమ

రెండో సీజన్ గురించి నేను చెబుతాను. 2024 ఆగస్టు 29న మొదలైన ఈ సీజన్‌లో రాత్రి ప్రేక్షకురాలు గారు చెప్పిన లోపం చాలావరకు తొలగిపోయింది. సౌరాన్ ఎవరో మనకు తెలుసు, తెలియనిది ఉంగరాలు చేసే ఎల్ఫ్ శిల్పి కెలెబ్రింబోర్‌కు. అన్నతార్ అనే దేవదూత వేషంలో వచ్చిన సౌరాన్ పాత్రధారి చార్లీ విక్కర్స్, మెత్తటి మాటలతో ఆ వృద్ధ శిల్పిని ఒక్కో అబద్ధానికీ ఒప్పిస్తుంటే, ఆ గదిలోకి వెళ్లి హెచ్చరించాలన్నంత ఆరాటం కలుగుతుంది. అత్తగారిని ఈ సీజన్ కూడా చూడమనండి; ఆవిడ కోరినది ఇందులో ఉంది.

యుద్ధ ఘట్టాల మీద మాత్రం నాకు సదభిప్రాయం లేదు. వికృత జీవులైన ఓర్క్‌లు కొండను కూల్చి నదిని ఆపి, ఎండిన నదీగర్భం మీదుగా కెలెబ్రింబోర్ నగరంపై దాడి చేయడం చూడడానికి బ్రహ్మాండంగా ఉంది. అయినా సేనలు ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంతసేపట్లో చేరుతున్నాయో అంతుపట్టదు.

కానీ ఆ ముట్టడి మధ్యలోనే నేను మరచిపోలేని ఒక ఘట్టం ఉంది. బయట నగరం తగలబడుతుంటే, సౌరాన్ కెలెబ్రింబోర్ కళ్లకు మాయ కప్పి, అంతా ప్రశాంతంగా ఉన్నట్టు భ్రమింపజేస్తాడు. కిటికీ బయట ఎండ, పచ్చని చెట్లు, జనం మామూలుగా తిరుగుతూ ఉంటారు. శిల్పి తొమ్మిది ఉంగరాల పనిలో మునిగిపోతాడు. అతని పని బల్ల దగ్గర ఒక చిన్న ఎలుక కదులుతుంటుంది. కాసేపటికి అదే ఎలుక, అదే చోటు, అదే కదలిక. చేతిపనిలో సూక్ష్మమైన తేడాలను కనిపెట్టడమే వృత్తిగా బతికినవాడు కనుక, ఆ పునరావృత్తిని అతని కన్ను పట్టుకుంటుంది. మాయ చెదిరిపోయి, తలుపు తెరిచి బయటకు వచ్చేసరికి తాను కట్టించిన నగరం మంటల్లో ఉంటుంది. కెలెబ్రింబోర్‌గా నటించిన చార్ల్స్ ఎడ్వర్డ్స్ అక్కడ అరవడు, ఏడవడు. ఎదురుగా ఉన్నదాన్ని నమ్మలేక నిలబడిపోతాడు.

ఇదీ పుస్తకంలో లేదు. అయినా దీన్ని తప్పుపట్టిన పాఠకులు నాకు తారసపడలేదు. కాలాన్ని ఆపి, అందమైనది ఏదీ చెడిపోకుండా నిలబెట్టుకోవాలన్నది ఉంగరాలు చేయించిన కోరిక. ఆ కోరికనే సౌరాన్ కెలెబ్రింబోర్‌కు ఒక గదిగా కట్టి ఇచ్చాడు. కృష్ణాతీరం గారు అడిగిన తేడా నాకు ఇక్కడే కనిపిస్తోంది. ఇలాంటి ఘట్టాలు రాయగలిగినవారు, ఒక గంటలో నాలుగు ప్రాంతాలకు పరుగెత్తకుండా, ఇద్దరిని ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించే ధైర్యం మూడో సీజన్‌లో మరింతగా చూపించాలని కోరుకుంటున్నాను.