స్క్రబ్ టైఫస్ (పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ రాదా? మొదటి టెస్ట్ నెగటివ్ ఎందుకు వచ్చింది?

మదనపల్లె_రైతుబిడ్డ:
పోయిన కార్తీకంలో మా అమ్మకి జ్వరం పట్టుకుంది. ఆవుకి గడ్డి కోసుకురావడానికి రోజూ చేనుగట్ల మీదికి పోతుంది. విపరీతమైన తలనొప్పి, చలి, ఒళ్లునొప్పులు. నాలుగో రోజు రక్తం ఇస్తే డెంగీ లేదు, టైఫాయిడ్ లేదు, స్క్రబ్ టైఫస్‌కి చేసే ఐజీఎం అనే రక్తపరీక్ష కూడా నెగటివ్ అన్నారు. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేసినా జ్వరం దిగలేదు. ప్లేట్లెట్లు పడిపోతుంటే మాకు ఒకటే టెన్షన్. తర్వాత ఇంకో డాక్టరమ్మ ఒళ్లంతా వెతికి, పావడా బొందు కట్టుకునే చోట నల్లటి పెచ్చు చూశారు. సిగరెట్టుతో కాల్చినట్టుంది, చుట్టూ ఎర్రగా. నొప్పీ దురదా లేకపోవడంతో అమ్మ ఎవరికీ చెప్పనే లేదు. డాక్సీసైక్లిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ మొదలుపెట్టాక రెండు రోజుల్లో జ్వరం దిగింది. మళ్లీ టెస్ట్ చేస్తే పాజిటివ్! మొదట ఎందుకు దొరకలేదు? ఇక ఈ జబ్బు అమ్మకి రానట్టేనా? గడ్డికి పోవడం మానమంటే వినదు.

ల్యాబ్_తిరుపతి:
అమ్మగారు కోలుకున్నందుకు చాలా సంతోషం అండీ. నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, వానలు పడ్డాక ఈ శాంపిళ్లు బాగా వస్తాయి.

ఆ ఐజీఎం టెస్ట్ చూసేది సూక్ష్మజీవిని కాదు, దాని మీద పోరాడటానికి మన ఒంట్లో తయారైన యాంటీబాడీలనే ప్రొటీన్లని. అవి టెస్ట్‌కి అందేంత పెరగడానికి మామూలుగా వారం పడుతుంది. అందుకే నాలుగో రోజు నెగటివ్ వస్తే జబ్బు లేదని కాదు. ఆ రోజుల్లో పెచ్చు ముక్క తీసి పీసీఆర్ (సూక్ష్మజీవి డీఎన్ఏనే వెతికే టెస్ట్) చేస్తే దొరికే అవకాశం ఎక్కువ.

కుట్టేది పిడుదు కాదు, చిగ్గర్ అనే కంటికి ఆనని పిల్ల పురుగు. దాని నోటి నుంచి ఓరియెన్షియా సుట్సుగముషి అనే బ్యాక్టీరియా చర్మంలోకి దిగుతుంది. అక్కడ దాన్ని మింగి చంపాల్సిన మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాల్లోనే కాపురం పెడుతుంది. మింగిన సంచిని చీల్చుకుని బయటపడి, కణకేంద్రకం పక్కకి చేరి పెరుగుతుంది. సోకిన ఆ కణాలు దగ్గర్లోని లింఫ్ గ్రంథులకి చేరతాయి, గజ్జల్లోనో చంకల్లోనో బిళ్లలు కట్టేది అందుకే. అక్కడి నుంచి రక్తంలో కలిసి, రక్తనాళాల లోపలి పొరలో చేరుతుంది.

కణం లోపల దాక్కున్నదాన్ని యాంటీబాడీలు పట్టుకోలేవు. ఆ పని టి కణాలనే ఇంకో రకం రక్షణ కణాలది. కొన్ని ఇంటర్ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ వదిలి మాక్రోఫేజ్‌లకి చంపే శక్తినిస్తాయి, సిడి8 రకం కణాలు సోకిన కణాన్నే చంపేస్తాయి. సోకింది రక్తనాళాల పొర కాబట్టి ఈ పోరులో ఆ పొర కూడా దెబ్బతింటుంది. రక్తంలోని నీరు బయటికి ఊరి ఊపిరితిత్తుల్లో చేరుతుంది, కిడ్నీలు, మెదడు దాకా పోవచ్చు. ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేది ఇందుకే. సెఫ్ట్రియాక్సోన్ దీని మీద పనిచేయదు, డాక్సీ కణం లోపలికి వెళ్లి పనిచేస్తుంది. పెచ్చు కనపడితే రిపోర్టు కోసం ఆగకుండా డాక్టర్లు మందు మొదలుపెట్టేది అందుకే.

పుంగనూరు_టీచర్:
మా ఆయనకి తగ్గి మూడు నెలలైంది, ఐజీఎం ఇంకా పాజిటివ్ చూపిస్తోంది. లోపల ఉండిపోయిందా మేడం? నాకూ అంటుతుందా?

ల్యాబ్_తిరుపతి:
భయపడకండి. జ్వరం తగ్గాక కూడా ఐజీఎం నెలల తరబడి కనిపిస్తుంది. జ్వరం లేకపోతే ఆ కాగితం చూసి మళ్లీ మందులు వాడక్కర్లేదు. మనిషి నుంచి మనిషికి అంటదు.

మదనపల్లె_రైతుబిడ్డ:
మేడం, మళ్లీ వస్తుందా అన్నది?

ల్యాబ్_తిరుపతి:
రావచ్చండీ. ఈ బ్యాక్టీరియా పైపొరలో ప్రొటీన్ ఒకటుంది, మన రోగనిరోధక వ్యవస్థ ముఖ్యంగా గుర్తుపట్టేది దాన్నే. బ్యాక్టీరియా రకాన్ని బట్టి ఆ ప్రొటీనే మారిపోతుంది. కార్ప్, గిలియం, కాటో అని పాత పేర్లున్న రకాలు కాక ఇంకా చాలా ఉన్నాయి. వచ్చిన రకం మీద రక్షణ కొన్నేళ్లు ఉండొచ్చు, వేరే రకాల మీద మాత్రం కొన్ని నెలలకే తగ్గిపోతుంది. మనుషులకి వాడే టీకా ఇంతవరకూ రాకపోవడానికి ఇదే పెద్ద కారణం.

గడ్డికి పోనివ్వండి, ఆవుని వదిలి ఉండలేరు కదా. పొడుగు చేతుల చొక్కా, కాళ్లకి సాక్సులు వేయించండి. గడ్డి మీద కూర్చోవద్దనండి, చీర తీసి పొదల మీద ఆరేయవద్దనండి. రాగానే ఒళ్లు సబ్బుతో రుద్ది స్నానం, బట్టలు వేడినీళ్లలో. మళ్లీ జ్వరం వస్తే మొదటి రోజే బొందు చోటు, చంకలు, రొమ్ముల కింద, మోకాళ్ల వెనక మీ అక్కచెల్లెళ్లతో చూపించండి. డాక్టరుతో గడ్డికి పోతుందని, ఇంతకుముందు ఇది వచ్చిందని తప్పకుండా చెప్పండి.