కొత్త ఊళ్లో ప్రతి వీకెండూ కొత్త చోటికే వెళ్లాలా?

కొత్తకాపురం:
ఉద్యోగాల వల్ల మేమిద్దరం ఈమధ్యే ఊరు మారాం. ఇక్కడ మాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. సామాన్లు సర్దడం పూర్తికాకముందే మా ఆయన ఎక్సెల్ షీట్ తెరిచాడు. రెస్టారెంట్లకు ఒక ట్యాబ్, మ్యూజియాలకూ పార్కులకూ ఇంకో ట్యాబ్. రేటింగు, ఇంటి నుంచి దూరం, ఏ వారం సెలవు, అన్నిటికీ కాలమ్స్ ఉన్నాయి. వెళ్లొచ్చినదానికి ఆకుపచ్చ రంగు వేస్తాడు. పచ్చబడిందంటే ఇక ఆ గడప తొక్కడు. ఇంటి వెనక వీధిలో చిన్న హోటల్ ఒకటి నాకు బాగా నచ్చింది. మళ్లీ పోదామంటే "అది అయిపోయిందిగా" అంటాడు. అయిపోవడానికి అదేమన్నా సిలబస్సా?

ఇప్పుడు తిరక్కపోతే ఇంకెప్పటికీ తిరగమని తన వాదన. మనం ఈ ఊరు చూడ్డానికి రాలేదు, ఉండటానికి వచ్చామని నాది. ఎన్నేళ్లు ఉంటామో మాకే తెలీదు. మొహమాటం లేకుండా చెప్పండి, తనూ చదువుతాడు.

తిరుగుడుపువ్వు:
నా ఓటు మీ ఆయనకే. ఉన్న ఊళ్లోని వింతలు ఆ ఊరివాళ్లు చూడరు, ఇది ఎక్కడైనా అంతే. సుజాన్ షు, అయలెట్ నీజీ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో దీనిమీదే ఒక పేపర్ వేశారు. ఒక కేఫ్ గిఫ్ట్ కూపన్లు కొందరికి మూడు వారాల గడువుతో, కొందరికి రెండు నెలల గడువుతో ఇచ్చారు. ఎక్కువ గడువు ఉన్నవాళ్లే "తప్పకుండా వాడతాం" అని ఎక్కువ ధీమాగా చెప్పారు. తీరా చూస్తే మూడు వారాలవాళ్లలో 31 శాతం మంది వాడారు, రెండు నెలలవాళ్లలో 6 శాతమే. కొద్దిరోజుల కోసం వచ్చిన టూరిస్టులు చూసినన్ని చోట్లు, అక్కడే కాపురం ఉంటున్నవాళ్లు చూడట్లేదని కూడా అందులో తేలింది. ఊరు వదిలి వెళ్లేముందు మాత్రం హడావిడిగా చుట్టేస్తారట.

బద్ధకం వల్ల కాదండీ ఇది. "ఎక్కడికి పోతుందిలే" అన్న ధీమా. ఆ షీట్ లేకపోతే మీ ఇద్దరూ ఆదివారాలు సోఫాలోనే గడుపుతారు.

వంటింటివైపు:
చాలా ఏళ్లు హోటల్ కిచెన్లలో పనిచేసినవాణ్ణి, అందుకని తిండి సంగతే మాట్లాడతాను. ఒక్కసారి వెళ్లి ఆకుపచ్చ రంగు వేయడం శుద్ధ అన్యాయం.

శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు లోపల ఎలా ఉంటుందో మీరు చూడాలి. ఆర్డర్ల ప్రింటర్ నుంచి కాగితం తెగకుండా వస్తూనే ఉంటుంది. ఒక టేబుల్ తాలూకు మూడు ప్లేట్లు సిద్ధమై నాలుగోదానికోసం కౌంటర్ మీద చల్లారుతుంటాయి. నాలుగోది వండేవాడికి ఆ ప్లేట్లు కనిపిస్తూనే ఉంటాయి, అయినా వాడి చేతిలో ఏముంది? పైగా ఆ వంటకానికి మంచి చెయ్యి ఉన్న మనిషికి అదేరోజు వీక్లీ ఆఫ్ కావచ్చు. మీరేమో "ఓ మోస్తరు" అని షీట్లో రాసుకుని వెళ్లిపోతారు. అదే కిచెన్ మంగళవారం మధ్యాహ్నం వేరే కిచెన్. కొత్తగా తెరిచిన చోటైతే మొదటి కొన్ని వారాలు కొలతలే కుదరవు, అప్పుడు వెళ్లి తీర్పులు చెప్పొద్దు.

రెండోసారి వచ్చినవాళ్లని సప్లయర్ గుర్తుపడతాడు. మూడోసారికి "సార్, ఇవాళ అది వద్దు, ఇది తీసుకోండి" అని తనే చెప్తాడు. ఆ ముక్క ఏ రేటింగులోనూ దొరకదు.

తిరుగుడుపువ్వు:
అన్నా, అది బాగున్న చోటికి సరే. బాగోలేని చోటికి కూడా మంగళవారం ఇంకో ఛాన్స్ ఇవ్వాలా? డబ్బులు మావి కదా.

వంటింటివైపు:
ఉప్పు ఎక్కువైతే ఇవ్వండి. కుర్చీ కింద మురికి కనిపిస్తే ఇవ్వకండి. మొదటిది ఆరోజు పొరపాటు, రెండోది వాళ్ల అలవాటు.

లెక్కలతిక్క:
ఇది పాత లెక్కే, మా సబ్జెక్టులో దీన్ని మల్టీ ఆర్మ్‌డ్ బ్యాండిట్ అంటారు. తెలిసిన మంచిదాన్నే పట్టుకోవాలా, తెలియనిదాన్ని పరీక్షించాలా అన్నదే అందులో ప్రశ్న. జవాబు మీకు మిగిలిన కాలాన్నిబట్టి మారుతుంది. రేపు ఊరు వదిలేవాళ్లు కొత్త హోటల్ వెతకడం దండగ, అది ఎంత బాగున్నా మళ్లీ తినేది లేదు. ఇప్పుడే దిగినవాళ్లకు మాత్రం ఒక మంచి చోటు దొరికితే ఏళ్లతరబడి పనికొస్తుంది. కాబట్టి మొదట్లో ఎక్కువ వెతకడమే సరైనది, ఆ మేరకు మీ ఆయన గెలిచారు.

ఎవరో ఒకరు ఇక్కడికి 37 శాతం సూత్రం పట్టుకొస్తారని నాకు తెలుసు. ఉద్యోగానికి వరసగా వచ్చే అభ్యర్థుల్లాంటివాళ్లలో మొదటి 37 శాతం మందిని ఊరికే చూసి వదిలేసి, ఆ తర్వాత వాళ్లందరికన్నా మెరుగైనవాళ్లు కనిపించగానే ఖాయం చేసుకోమంటుంది అది. వదిలేసినవాళ్లు మళ్లీ దొరకరు అనుకున్నప్పుడే ఆ లెక్క పనిచేస్తుంది. హోటల్ ఎక్కడికీ పోదు, మళ్లీ వెళ్లొచ్చు. మీ ఆయన షీట్లో ఉన్న తప్పు కూడా అదే. వెతికి సంపాదించిన సమాచారాన్ని వాడుకోవట్లేదు. వాడనప్పుడు వెతకడం దేనికి?

కొత్తకాపురం:
ఈ చివరి పేరా ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అంటిస్తున్నా.

మూలసీటు:
అందరూ తిండి గురించే మాట్లాడుతున్నారు, మొగుడూపెళ్లాల సంగతి వదిలేశారు. ఇద్దరూ కలిసి కొత్త పనులు చేస్తే బంధం బాగుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్ బృందం 2000లో ప్రయోగాలు చేసి చూపించింది. తెలిసిన మనుషులు లేని ఊళ్లో ఇద్దరికీ ఇద్దరే దిక్కు. రోజూ అదే టేబుల్ దగ్గర కూర్చుంటే ఆఫీసు గొడవలు తప్ప మాటలుండవు.

నిర్మొహమాటం:
ఆ ప్రయోగంలో ఏం చేయించారో కూడా చెప్పండి మరి! భార్యాభర్తల మణికట్లూ చీలమండలూ కలిపి కట్టి, ఇద్దరి మధ్యా ఒక దిండు పడిపోకుండా, చేతులతో పట్టుకోకుండా, పరుపుల మీద పాకుతూ మధ్యలో అడ్డం దాటమన్నారు. పడీ లేచీ నవ్వుకుని ఉంటారు. వేరే రెస్టారెంట్లో వేరే కుర్చీలో కూర్చుని ఎవరి ఫోను వాళ్లు చూసుకోవడం దానికి సాటా? కొత్తదనం చేసే పనిలో ఉండాలి, బోర్డు మీద పేరులో కాదు. ఇద్దరూ ఒక తెలియని బస్సెక్కి చివరి స్టాపులో దిగి వెనక్కి దారి వెతుక్కోండి, అది ఆ ప్రయోగానికి కాస్త దగ్గర.

ఇంకోమాట. షీట్లోకి పేర్లు ఎక్కడ్నుంచి వస్తున్నాయి? రేటింగు ఎక్కువున్నవే కదా? చారులో ఉప్పు సరిపోయిందా లేదా అన్నది సగటు మార్కు చెప్పదు. పాతిక మంది ఇచ్చిన 4.9 కన్నా మూడు వేల మంది ఇచ్చిన 4.4ను నేను ఎక్కువ నమ్ముతా, అదీ కొత్త రివ్యూలు ముందు చదివాకే. అసలు ఈ మార్కుల గోలంతా ప్రయాణికుల కోసం పుట్టింది. రెస్టారెంట్లకు స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడును 1900లో మొదలుపెట్టింది టైర్ల కంపెనీ. ఒక స్టార్ అంటే దారిలో ఉంటే ఆగొచ్చు, రెండంటే దారి మళ్లి అయినా వెళ్లొచ్చు, మూడంటే దానికోసమే ప్రయాణం కట్టొచ్చు. మూడింట్లోనూ కారు కదలాల్సిందే, టైరు అరగాల్సిందే. చెప్పులేసుకుని నడిచి వెళ్లే వెనకవీధి హోటల్‌ని ఏ స్టార్‌తో కొలుస్తారు?

ఎక్సెల్_ఆయన:
నేనే ఆ ఆయన్ని. అందరికీ నమస్కారం. నా వైపు కూడా ఒకటి వినండి. షీట్ లేనప్పుడు ప్రతి శనివారం మా ఇంట్లో నడిచే సంభాషణ ఇది: "ఎక్కడికెళ్దాం?" "నీ ఇష్టం." "నువ్వే చెప్పు." ఈలోగా ఆకలి ముదురుతుంది, ఇద్దరికీ చిరాకు మొదలవుతుంది. ఈ గొడవ తప్పించుకోవడానికే షీట్. లెక్కలతిక్క గారి మాట మీద "మళ్లీ" అని ఒక కాలమ్ కలిపాను. అది ఆవిడే నింపుతుంది, నేను వేలు పెట్టను. రెండో ట్యాబ్ మాత్రం వదులుకోను. చూడాల్సిన చోట్లకు గడువు పెట్టకపోతే అవి ఎప్పటికీ చూడం, కూపన్ల కథ విన్నారుగా.

తిరుగుడుపువ్వు:
భేష్. చాలా మ్యూజియాలు సోమవారాలు మూసి ఉంటాయి, సెలవు పెట్టుకుంటే ఆరోజు పెట్టకండి. గూగుల్ మ్యాప్స్‌లో ఏ గంటకు ఎంత రద్దీ ఉంటుందో గీతల్లో చూపిస్తుంది, అది చూసి బయల్దేరండి.

కొత్తకాపురం:
రెండో ట్యాబ్‌కి నేను ఒప్పుకున్నా. ఇప్పుడు గొడవ వేరే. పెద్ద మ్యూజియానికి ఏడాది పాస్ తీసుకుందామని నేను, ఒకరోజు టికెట్ చాలని తను.

తిరుగుడుపువ్వు:
ఒకరోజు టికెట్టే. ఏడాది గడువిస్తే మళ్లీ "ఎక్కడికి పోతుందిలే" మొదలవుతుంది.

నిర్మొహమాటం:
పాసే తీసుకోమ్మా. ఒకరోజు టికెట్ కొన్నవాళ్లు డబ్బులు గిట్టించుకోవాలని తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా తిరిగి, చివరి గదుల్లో బొమ్మలు కాకుండా బెంచీలు వెతుక్కుంటారు. పాస్ ఉంటే ఒక్క గది చూసి అరగంటలో బయటికి రావచ్చు, మనసుకి పీకులాట ఉండదు.

ఎక్సెల్_ఆయన:
ఒక్కో గదిని ఒక్కో వరసగా రాస్తే పాస్‌కి నాకు అభ్యంతరం లేదు.

కొత్తకాపురం:
చూశారా!