సమస్యాపూరణం: ‘కోతి చేతి రాయి కూడు పెట్టె’

ఈ వారపు సమస్య ఆటవెలదికి నాలుగవ పాదం. కోతికి రాయి చిక్కితే మన తలలు పగులుతాయన్నది లోకపు భయం కనుక ఇది వింతగా తోచవచ్చు. అయితే సేతువు కట్టిన వానరులను పక్కన పెట్టి, నేటి అడవికోతుల ఆధారంగానే పూరించవలసిందిగా మనవి.

పలాస సభ్యురాలు:

జీడి పెంకు కొరుక జిహ్వ మండుననుచు
బండ పైన పెట్టి బాదె నదియ
పప్పు బయటపడియె బాధ లేకుండగ
కోతి చేతి రాయి కూడు పెట్టె

ఈశాన్య బ్రెజిల్‌లోని సెర్రా ద కాపివారా కొండల్లో కాపుచిన్ కోతులు చేసే పని ఇది. ఇక్కడ జీడి ఒలిచేవారి వేళ్లను కాల్చే రసమే అక్కడ వాటి నోటినీ కాలుస్తుంది. జీడిమామిడి మనకు వచ్చిందీ ఆ దేశం నుంచే.

నిర్వాహకుడు: అమ్మా, కోతి రాయి ఎందుకు పట్టిందో మొదటి పాదమే చెప్పడం బాగున్నది. ‘బండ గుంట బెట్టి’ అంటే, గింజ జారకుండా ఆ కోతులు వాడుకునే గుంట కూడా పద్యంలోకి వస్తుంది. ‘అదియ’ మాత్రం ఉత్త పాదపూరణమే.

నెల్లూరు సభ్యుడు:

కడలి యొడ్డు నున్న కరకైన యాల్చిప్ప
పగులగొట్టి లోని మాంసమంత
థాయి దీవి లోన తనివార తినజేసి
కోతి చేతి రాయి కూడు పెట్టె

నిర్వాహకుడు: ఆర్యా, రెండవ పాదంలో ‘ప’కు ‘మా’ యతి చెల్లదు. ‘పలలమంత’ అని సవరించండి. విషయం నిజమే, బర్మాలోని మెర్గుయ్ దీవుల్లో కోతులు రాళ్లతో ఆల్చిప్పలు తెరవడాన్ని ఆల్ఫ్రెడ్ కార్పెంటర్ 1887లోనే ‘నేచర్’ పత్రికలో నమోదు చేశాడు.

నెల్లూరు సభ్యుడు: సవరణకు ధన్యవాదాలండీ. ‘పలలము’ తట్టలేదు.

వరంగల్లు సభ్యుడు:

మూడు వేల యేండ్ల ముందటి పనిముట్టు
మంటి పొరలు తవ్వ మనకు దొరికె
నరుల జాడ కాదు, నాడు బ్రెజిలులోన
కోతి చేతి రాయి కూడు పెట్టె

‘బ్రె’కు ముందున్న ‘డు’ గురువవుతుందా అన్నది నా సందేహం.

నిర్వాహకుడు: కాదు, అవి వేరువేరు పదాలు. సమస్యాపాదం వాక్యంలో ఇంత సహజంగా ఒదిగిన పూరణ ఈ వారం ఇదొక్కటే. కాపివారా తవ్వకాల ఫలితాలు 2019లో వెలువడ్డాయి. దొరికినవి అనేకం కనుక ‘పనిముట్లు’ అన్నా గణం చెడదు. అడుగు పొరల్లోని రాళ్లు చిన్నవి, ఆ తరువాతి కాలపువి పెద్దవి కావడాన్ని బట్టి, కోతులు కొట్టుకు తిన్న తిండి కూడా మారిందని పరిశోధకులు భావించారు. దానిపై మరొక పద్యం పంపగలరా?

వరంగల్లు సభ్యుడు: ప్రయత్నిస్తానండీ. ‘చిన్న’కూ ‘పెద్ద’కూ యతి కుదరక ఇప్పటికే రెండు పాదాలు కొట్టేశాను.